ఆ గంట ఎవరి సమయంలోంచి రావాలి?



మన ఊళ్ళలో చాలా ఇళ్ళల్లో అటక మీదనో, మంచం కిందనో ఒక ట్రంకుపెట్టె ఉంటుంది. పెళ్ళినాటి పట్టుచీర, పిల్లల చిన్నప్పటి బట్టలు, పాత రసీదులు అందులో దాచుకుంటాం. వాటన్నిటి అడుగున ఇంకొకటి కూడా ఉంటుంది. సగం కుట్టి వదిలేసిన దిండు గలీబు కావచ్చు. చేత్తో రాసుకున్న పాటల పుస్తకం కావచ్చు. ఎండిపోయిన రంగుల డబ్బా కావచ్చు. హైస్కూల్లో వ్యాసరచన పోటీలో వచ్చిన సర్టిఫికెట్టు కావచ్చు. పెళ్ళయి, పిల్లలు పుట్టి, సంసారం మీద పడేసరికి ఆ ఇల్లాలు తనకిష్టమైన దాన్ని మడిచి అడుగున పెట్టేసింది. పెట్టమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మళ్ళీ బయటకు తీయమని కూడా ఎవరూ చెప్పలేదు.

ఈ నెల ఆ పెట్టె అడుగున ఉన్నదాని గురించి మాట్లాడుకుందాం.

ఈ సంగతి వచ్చినప్పుడల్లా ఇల్లాళ్ళకు మామూలుగా దొరికే సలహా ఒకటుంది. "తెల్లవారుజామున నాలుగింటికే లేవండి. ఇంట్లోవాళ్ళు లేచేలోగా ఒక గంట మీకోసం వాడుకోండి. మనసుంటే మార్గం ఉంటుంది" అంటారు. మంచి మనసుతోనే చెబుతారు. కాని పల్లెటూరి ఇల్లాలి దినచర్య ఒకసారి చూడండి. వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, పేడ తీసి, పాలు పితికి, పిల్లల క్యారేజీలు కట్టేవాళ్ళు ఇప్పటికే చీకటితో లేస్తున్నారు. రాత్రి అందరూ తిన్నాక గిన్నెలు కడిగి, పొయ్యిగట్టు తుడిచి, పొద్దుటికి పప్పు నానబోసి పడుకునేసరికి పది దాటుతోంది. అలాంటి మనిషిని ఇంకో గంట ముందు లేవమంటే, ఆమె ఇష్టానికి కావలసిన సమయాన్ని ఆమె నిద్రలోంచే కోసి తెచ్చుకోమన్నట్టు కాదా?

ఇది ఒట్టి మాట కాదు, లెక్క కూడా ఉంది. భారత ప్రభుత్వ గణాంక శాఖవారు 2019లోను, మళ్ళీ 2024లోను మన దేశంలో ఎవరు రోజును ఎలా గడుపుతున్నారో సర్వే చేశారు. 2024 సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు ఆ పనికి వెచ్చిస్తున్నారు. అంటే 5 గంటలకు కాస్త తక్కువ. ఇంటిపని చేసే పురుషులు వెచ్చిస్తున్నది 88 నిమిషాలు. తేడా 3 గంటల పైమాటే. ఇందులో ఇంకొక సంగతి గమనించాలి. ఈ 88 నిమిషాలు పురుషులందరి సగటు కాదు, ఎంతో కొంత ఇంటిపని చేసే పురుషుల సగటు మాత్రమే. అసలు ఇంటిపనిలో చెయ్యి పెట్టేవారు పురుషుల్లో పదిమందికి ముగ్గురు కూడా లేరు. స్త్రీలలో పదిమందికి ఎనిమిదిమంది ఉన్నారు. పిల్లలను, ముసలివారిని చూసుకునే పని ఈ లెక్కలో చేరలేదు, దాన్ని వేరే లెక్కించారు.

కాబట్టి మన ఇల్లాలికి లేనిది పట్టుదల కాదు. ఆమెకు లేనిది ఒక గంట. ఆ గంట ఎక్కడనుంచి రావాలన్నదే అసలు ప్రశ్న.

సుమారు రెండు వందల ఏళ్ళ క్రితం బెంగాల్‌లో పుట్టిన రాససుందరీ దేవి అనే ఇల్లాలి కథ వినండి. ఆమెకు పన్నెండేళ్ళకే పెళ్ళయింది. పన్నెండుమంది పిల్లలను కన్నది. ఆడది చదువుకుంటే ఇంటికి అరిష్టమని నమ్మే కాలం అది. ఆమెకేమో చదవాలని తపన. తమ ఇంట్లో ఉన్న చైతన్య భాగవతంలోని ఒక పత్రాన్ని తీసి వంటింట్లో దాచుకున్నది. కొడుకు అక్షరాలు దిద్దిన ఆకును కూడా దాచి, రెండిటినీ పోల్చుకుంటూ, పొయ్యి దగ్గర ఎవరూ చూడకుండా చదవడం నేర్చుకున్నది. ఇంటి చాకిరీలో పడి తిండి తినడానికి కూడా వేళ చిక్కని రోజులున్నాయని ఆమే రాసుకున్నది. అలా నేర్చిన అక్షరాలతో రాసిన "అమార్ జీబన్" 1876లో అచ్చయింది. బెంగాలీ భాషలో తొలి ఆత్మకథ అదేనని చెబుతారు.

ఈ కథ చెప్పి, "చూశారా, ఆమె సాధించలేదా? మీరూ సాధించండి" అని ముగించడం తేలిక. నేను అలా ముగించను. ఆమె తపనకు నమస్కారం చేయవలసిందే. కాని తన ఇంట్లో తానే దొంగలా నేర్చుకోవలసి రావడం ఆమె గొప్పతనం కాదు, ఆ ఇంటి లోపం. తిండి మాని, నిద్ర మాని అక్షరాలు నేర్చుకున్నవారు ఒక్కరు మనకు కనబడుతున్నారు. నేర్చుకోలేక ఆగిపోయినవారు ఎందరో మనకు తెలియదు.

మన తెలుగునాట భండారు అచ్చమాంబ గారిని (1874–1905) చూడండి. ఆమెకూ చిన్నతనంలోనే పెళ్ళయింది. బడి చదువు లేదు. కాని ఆమెకు ఒక తమ్ముడున్నాడు. ఆయనే తరువాతి కాలంలో విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్న కొమర్రాజు లక్ష్మణరావు గారు. తాను చదువుకుంటూ అక్కకు కూడా చదువు అందించాడు. అచ్చమాంబ గారు తెలుగుతోపాటు మరికొన్ని భాషలు నేర్చి, గొప్ప స్త్రీల చరిత్రలు సేకరించి "అబలా సచ్చరిత్ర రత్నమాల" రాశారు. 1902లో ఆమె రాసిన "ధనత్రయోదశి" తెలుగులో వచ్చిన మొదటి కథల్లో ఒకటి. కడుపున పుట్టిన బిడ్డలను పోగొట్టుకున్న దుఃఖంలో కూడా ఆమె కలం వదలలేదు. ముప్పై ఒక్కేళ్ళయినా బ్రతకని ఆ తల్లి ఇంత పని చేయగలిగిందంటే, ఆమె పట్టుదల ఎంతో, ఇంట్లో ఒక మనిషి ఆమె పక్కన కూర్చోవడం కూడా అంతే. ఒక ఇల్లాలు ఒంటరిగా దొంగిలించుకున్న సమయానికీ, ఇంటివారు కలిసి ఇచ్చిన సమయానికీ ఉన్న తేడా అదే.

ఇక రెండో చిక్కు. సమయం దొరికినా, "దీనివల్ల నాలుగు డబ్బులొస్తాయా?" అని అడుగుతారు. రావడం మంచిదే, ఎవరూ వద్దనరు. కాని పశ్చిమ గోదావరిలోని నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల లేసు సంగతి తలచుకోండి. ఆ అల్లిక మిషనరీల ద్వారా పందొమ్మిదో శతాబ్దంలో అక్కడికి వచ్చింది. అరుగుల మీద కూర్చుని మన అక్కచెల్లెళ్ళు అల్లిన లేసు సముద్రాలు దాటింది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఆ ఊళ్ళలో తిరిగి, 1982లో ఆ స్త్రీల మీద ఒక పుస్తకం ప్రచురించింది. ఆమె తేల్చిన విషయం ఇది: "వాళ్ళు ఇల్లాళ్ళు, తీరిక వేళల్లో ఏదో అల్లుకుంటారు" అనే ఒక్క మాట ఆసరాగా వారికి ముట్టే కూలి అతి తక్కువగా ఉండిపోయింది. ఎగుమతి లాభం వ్యాపారులకు చేరింది.

అంటే "తీరిక" అన్న మాట ఆడవాళ్ళను రెండు విధాల దెబ్బ తీస్తుంది. ఆమె డబ్బు కోసం శ్రమపడితే అది తీరిక పని అంటారు. నిజంగా తన సంతోషం కోసం ఒక గంట కూర్చుంటే, "తీరిక ఎక్కువైంది" అంటారు. అందుకని కూలికి చేసే పనికి సరైన కూలి అడగండి. మనసుకు నచ్చి చేసేదాన్ని డబ్బుతో తూచకండి. మగవాడు సాయంత్రం రచ్చబండ దగ్గర గంటసేపు పేకాడితే, ఎంత సంపాదించావని ఎవరూ అడగరు కదా!

మన సంఘాల్లో ఇంకొక మాట వినబడుతుంది. సామెతల గ్రంథం ముప్పై ఒకటో అధ్యాయంలోని గుణవతియైన భార్యను చూపించి, "చూడండి, ఆమె రాత్రి దీపం ఆరనివ్వలేదు, చీకటితో లేచింది" అని పెళ్ళిళ్ళలోను, స్త్రీల కూటాల్లోను చెబుతారు. నిజమే. కాని ఆ అధ్యాయం ఇంకొంచెం నిదానంగా చదవండి. ఆమెకు పనికత్తెలున్నారు. పని అంతా ఆమె ఒక్కతే చేయలేదు, పంచి ఇచ్చింది. పొలాన్ని తానే చూసి, తానే ఆలోచించి కొన్నది. తన కష్టార్జితంతో ద్రాక్షతోట నాటించింది. ఆమె మాటలో జ్ఞానముంది. భర్త, పిల్లలు ఆమెను నోరారా పొగిడారు. ఆమె చాకిరీని మాత్రం ఎత్తి చూపి, ఆమె తెలివిని, ఆమె స్వేచ్ఛను, ఆమెకున్న తోడును వదిలేయడం న్యాయం కాదు.

స్త్రీవాదం అన్న మాట వింటే కొందరు ఉలిక్కిపడతారు. అది ఇల్లు విడిచిపొమ్మనే మాట అనుకుంటారు. ఇంట్లో ఉండి పిల్లలను పెంచుకోవాలని తానే నిర్ణయించుకున్న ఇల్లాలు కూడా స్త్రీవాది కావచ్చు. ఇంటిపని తక్కువ పని అని ఆమె అనదు. అది కూడా పనే అంటుంది. పని అన్నాక దానికొక వేళ ఉండాలి, ఒక ముగింపు ఉండాలి, పంచుకునేవాళ్ళు ఉండాలి. ఆమె అడిగేది అంతే.

సరే, చేయవలసిందేమిటి? మన ఇళ్ళల్లో జరగగలిగిన నాలుగు మాటలు చెబుతాను.

మొదటిది. మీకిష్టమైన దాన్ని పెట్టెలోంచి తీసి కళ్ళకు కనబడేచోట పెట్టండి. అటక మీదున్న దాన్ని దించడానికే అరగంట పడితే, ఆ రోజు ఇక కుదరదు. కిటికీలో ఉన్న పుస్తకం, వంకెకు తగిలించిన అల్లిక సంచి చేతికి తొందరగా వస్తాయి.

రెండవది. ఒక వేళ పెట్టుకుని, ఇంట్లో అందరికీ చెప్పండి. వారానికి రెండు సాయంత్రాలు, అరగంట చొప్పున చాలు. ఆ అరగంటలో ఏ పని ఎవరు చూస్తారో ముందే మాట్లాడుకోండి. బిందెలు నింపడం అబ్బాయిది. అన్నం వార్చడం, చంటిదాన్ని ఎత్తుకోవడం నాన్నది. మగపిల్లవాడు తిన్న కంచం తానే కడుక్కోవడం ఈ నెలనుంచే మొదలుకావచ్చు. చంటిపిల్లలున్నవాళ్ళు పక్కింటి వదినతో ఒప్పందం చేసుకోండి. ఇవాళ మీ పిల్లలను ఆమె చూస్తుంది, రేపు ఆమె పిల్లలను మీరు చూస్తారు.

మూడవది. కాలాన్ని బట్టి నడవండి. నాట్లప్పుడు, కోతలప్పుడు ఏదీ కుదరదు. బాలింతకు నిద్రే పెద్ద వరం. ఆ నెలల్లో నాలుగు కుట్లు కూడా పడకపోతే ఓడిపోయినట్టు కాదు. పొలం కూడా బీడు పెడితే పాడైపోదు, మళ్ళీ దున్నితే పండుతుంది. మళ్ళీ మొదలుపెట్టే రోజు మాత్రం మరచిపోకండి.

నాలుగవది. చేతిలో ఫోను ఉంటే దానితో జాగ్రత్త. కొత్త కుట్టు, కొత్త రాగం నేర్చుకోవడానికి అది మంచి గురువు. కాని ఒకదాని తర్వాత ఒకటి బొమ్మలు తోసుకుంటూ పోతే, ఎంతో కష్టపడి సంపాదించుకున్న అరగంట ఎటు పోయిందో తెలియదు.

సహోదరులతో కూడా ఒక మాట. "మా ఆవిడకు నేను సాయం చేస్తుంటాను" అని మీరు చెబుతుంటారు. మంచిదే. కాని ఆ అన్నం మీరూ తింటున్నారు, ఆ పిల్లలు మీ పిల్లలే. మీ సొంత పొలంలో మీరు కలుపు తీస్తే ఎవరికి సాయం చేసినట్టు? "నీకిష్టమైతే చేసుకో, నేను వద్దన్నానా?" అనడంతో సరిపోదు. ఆ అరగంటలో ఏడ్చే బిడ్డను ఎత్తుకున్నప్పుడే మీరు నిజంగా సరేనన్నట్టు.

"తల్లి తన ఇష్టాలు చూసుకుంటే పిల్లలు ఏమైపోతారు?" అని పెద్దవాళ్ళు దిగులుపడతారు. ఆ దిగులు అర్థం చేసుకోదగినదే. కాని పిల్లలు మన మాటలకంటె మన బ్రతుకు చూసి ఎక్కువ నేర్చుకుంటారు. అమ్మ ఏదో రాసుకుంటూ, పాడుకుంటూ, తనలో తాను మురిసిపోవడం చూసిన ఆడపిల్ల, రేపు తన పెళ్ళితో తన ఇష్టాలు ముగిసిపోవాలని అనుకోదు. ఆ ఇంట్లో పెరిగిన మగపిల్లవాడు తన భార్య దగ్గర అలాంటి త్యాగం అడగడు. పైగా పిల్లలు రెక్కలొచ్చి హైదరాబాదుకో, గల్ఫుకో వెళ్ళిపోయాక, ఆ నిశ్శబ్దపు ఇంట్లో ఇరవై, ముప్పై ఏళ్ళు గడపవలసింది ఈ తల్లే. అప్పటికి తన చేతికి, తన మనసుకు ఏం ఇష్టమో కూడా ఆమె మరచిపోయి ఉంటే, ఆ లోటును పిల్లలు పంపే డబ్బు తీర్చదు.

ఈ నెలలో మీరొక పని చేయండి. మీ అత్తగారినో, అమ్మనో తీరిగ్గా కూర్చోబెట్టి, "పెళ్ళికి ముందు నీకేమిటంటే ఇష్టం?" అని అడగండి. మొదట నవ్వేసి, "నాకేముంటాయమ్మా!" అంటారు. కంగారుపడకుండా ఆగండి, ఇంకోసారి అడగండి. వాళ్ళు చెప్పేది విన్నాక, అదే ప్రశ్న ఇంట్లోవాళ్ళందరి ముందు మీకు మీరు వేసుకోండి. జవాబు వచ్చాక, ఏ రోజు, ఏ వేళ, ఆ వేళకు పొయ్యి దగ్గర ఎవరు ఉంటారు అన్నది అప్పుడే, అక్కడే తేల్చుకుని లేవండి.