ఆటస్థలమునకు దారి విడువుడు

పొరుగు భాషల నడుమ బ్రతుకు మనము ఆడపిల్లను ఆటలకై ఊరు దాటింప సంకోచించుచున్నాము. హర్యానాలోని షాహాబాదునందు బండి లాగి జీవించిన యొక తండ్రియు ఇట్లే సంకోచించెను. అతని కుమార్తెయే రాణీ రాంపాల్.

శిక్షణకు వచ్చు ప్రతి బాలికయు అర లీటరు పాలు తెచ్చుకొనవలెనని నియమము. ఇంట 200 మిల్లీలీటర్లకే శక్తి యుండగా, నీరు కలిపి కొలత నింపితినని ఆమెయే చెప్పియున్నది. శిక్షకుడు బల్‌దేవ్ సింగ్ ఆమెకు అండగా నిలిచెను. 2010లో అర్జెంటీనాలోని రొసారియోలో జరిగిన ప్రపంచ కప్పున, పదునైదేండ్ల ఆ బాల 7 గోల్స్ చేసెను. జట్టు తొమ్మిదవ స్థానముననే నిలిచినను, ఉత్తమ యువ క్రీడాకారిణి గౌరవ మామెకు దక్కెను. 2013లో జర్మనీలో జరిగిన జూనియర్ ప్రపంచ కప్పున మన బాలికల జట్టు కాంస్యము గెలిచినప్పుడు, ఉత్తమ క్రీడాకారిణిగా ఎన్నికైనదియు ఆమెయే. ఆ పిమ్మట 2021లో టోక్యో ఒలింపిక్సునందు భారత జట్టు ఆమె నాయకత్వముననే నాల్గవ స్థానమందెను.

ప్రతిభ పుట్టుకతో రావచ్చును. పాలు, పాదరక్షలు, సాయంకాలమున ఒక గంట తీరిక మాత్రము పెద్దలే ఈయవలెను. మైదానమున బంతికి భాషాభేదము లేదు. మన యింటి బాలిక హాకీ కర్ర అడిగిననాడు, కాదనుటకు ముందు ఆ నీరు కలిసిన పాలను తలచుకొందుము గాక!