రూవీయా, తణుకా?

మా బడి వార్షికోత్సవానికి ప్రతి ఏడూ చిత్రలేఖనం పోటీ పెడుతున్నాం. అంశం దాదాపు ఎప్పుడూ ఒకటే: "మా ఊరు". గంటన్నర తర్వాత కాగితాలన్నీ బల్ల మీద పరిస్తే కనిపించేది మీకందరికీ తెలిసిన బొమ్మే. రెండు పచ్చని కొండలు, మధ్యలో సగం సూర్యుడు, వంకర్లు తిరిగే ఏరు, ఒడ్డున పూరిల్లు, పక్కన కొబ్బరిచెట్టు, ఆకాశంలో టిక్కు మార్కుల్లాంటి నాలుగు పక్షులు.

ఆ పూరింట్లో ఈ పిల్లలెవరూ ఉండలేదు. నిజం చెప్పాలంటే మాలో కూడా చాలామందిమి ఉండలేదు. మూడో తరగతిలో మాష్టారు బోర్డు మీద వేస్తే చూసి నేర్చుకున్నాం, అదే ఇక్కడి బోర్డు మీద వేశాం. తప్పు పిల్లలది కాదు, మాదే.

పోయిన ఏడాది పోటీలో ఒక పాప లేచి, "అంకుల్, మా ఊరంటే ఏ ఊరు? రూవీయా, తణుకా?" అని అడిగింది. వాలంటీర్లం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. "నీకు ఏది బాగా తెలుసో అది వెయ్యమ్మా" అన్నాం. ఆ పాప తాముండే నాలుగంతస్తుల భవనం వేసింది. మేడ మీద నీళ్ళ ట్యాంకులు, కిటికీకొక ఏసీ, వెనక ఒక్క చెట్టూ లేని కొండ. ఆ బొమ్మకు బహుమతి రాలేదు. న్యాయనిర్ణేతలం మేమే. "తెలుగుదనం లేదు" అనుకున్నాం. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

అందుకే ఈసారి అభిప్రాయం సూటిగా చెబుతున్నాం. తెలుగు బడిలో పిల్లలు ఒమన్‌ను బొమ్మలుగా వెయ్యాలి. కంటికి కనిపించేదాన్ని చూసి వెయ్యాలి, దాని గురించి తెలుగులో మాట్లాడాలి.

"ఒమన్ రోజూ చూస్తూనే ఉన్నారు కదండీ, వారానికి రెండు గంటలైనా మన ఊరి సంగతులు చెప్పండి" అని కొందరు తల్లిదండ్రులు అన్నారు. వారి బాధ మాకు తెలుసు, అది మా బాధ కూడా. కానీ రోజూ చూస్తున్నారన్నది నిజమేనా? మస్కట్ చుట్టూ ఉన్న కొండలు ఏ రంగో అడిగితే మా తరగతి మొత్తం "బ్రౌన్" అంది. అక్కడితో ఆగిపోయింది. ఆ కొండలు ఒకప్పటి సముద్రగర్భం. తొమ్మిది కోట్ల ఏళ్ళకు పైబడిన రాయి పైకి తోసుకొచ్చి నిలిచింది. ప్రపంచం నలుమూలల నుంచి భూగర్భ శాస్త్రజ్ఞులు చూడడానికి వస్తారు. మన పిల్లలు బస్సు కిటికీలోంచి చూసి "బ్రౌన్" అంటారు.

ఒక శుక్రవారం సాయంత్రం పిల్లల్ని మత్రా సముద్రతీరానికి తీసుకెళ్ళాం. కోట, పడవలు, దూరంగా రియామ్ పార్కు దగ్గర కొండ మీద తెల్లటి పెద్ద ధూపపాత్ర. దాన్ని పిల్లలు "సాంబ్రాణి గిన్నె" అన్నారు, బాగుంది. కొండ రంగు తెలుగులో చెప్పండి అన్నాం. ఇటుక రంగు, కాఫీపొడి రంగు, బూడిద రంగు వచ్చాయి. పొద్దు వాలేసరికి రంగు మారింది. "నేరేడుపండు రంగు" అని మేము అందించాం. సగంమందికి నేరేడుపండు తెలియదు. అప్పుడొక కుర్రాడు "ఫర్ద్ ఖర్జూరం రంగు" అన్నాడు. సరిగ్గా అదే రంగు! ఆ మాట మేమెవరం నేర్పింది కాదు. తణుకులో పుట్టే మాట కూడా కాదు.

నిజ్వా వెళ్ళినప్పుడూ అంతే. 2006లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ఐదు ఫలజ్‌లలో అక్కడి దారిస్ ఫలజ్ ఒకటి. పిల్లలు గట్టున కూర్చుని కాలువను గీస్తుంటే, అనంతపురం నుంచి వచ్చిన ఒక తాతగారు "ఇది మా ఊటకాలువ లాంటిదే కదరా!" అన్నారు. నీటిని వంతుల వారీగా పంచుకునే పద్ధతి, పగలు నీడను బట్టి, రాత్రి చుక్కలను బట్టి లెక్క చూసుకోవడం అన్నీ మాటల్లోకి వచ్చాయి. తాతగారు తమ ఊరి కాలువ గురించి అరగంట చెప్పారు. మేము పాఠంగా చెబితే అంతసేపు ఎవరూ వినేవారు కాదు.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1909 నుంచి దాదాపు పదేళ్ళు రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ఇంగ్లండు నుంచి వచ్చినవాడు. తన దేశపు పచ్చిక బయళ్ళను తలచుకుంటూ కూర్చోలేదు. గోదావరినీ, ఇక్కడి మనుషులనూ రంగుల్లోకి తెచ్చుకున్నాడు. ఆయన ప్రోత్సాహంతో ఎదిగినవారే దామెర్ల రామారావు, అడివి బాపిరాజు. రామారావు 1925లో, 28 ఏళ్ళు నిండకుండానే పోయాడు. ఆయన బొమ్మలు ఈనాటికీ రాజమండ్రి చిత్రశాలలో ఉన్నాయి. సెలవులకు వెళ్ళినప్పుడు పిల్లలకు చూపించండి. అలాగే తాతగారి ఊరినీ చూసి వెయ్యమనండి. పూరిల్లు వద్దు. సెల్ టవరు ఉంటే సెల్ టవరే వెయ్యమనండి.

ఇంకొక మాట. ఇక్కడ మనం వీసా ఉన్నన్నాళ్ళే. ప్రతి ఏడూ మా బడి నుంచి ఇద్దరు ముగ్గురు పిల్లలు నడి సంవత్సరంలో వెళ్ళిపోతుంటారు. ఈ ఏడాది ఖర్జూరం రంగు చెప్పిన కుర్రాడి వంతు వచ్చింది. వాళ్ళ నాన్నగారి ఉద్యోగం పోయింది, మూడు వారాల్లో సామాను సర్దుకున్నారు. చివరి శుక్రవారం వాడు పుస్తకాలు అడగలేదు, సర్టిఫికెట్టు అడగలేదు. గోడ మీద మేము అంటించిన తన మత్రా బొమ్మ అడిగాడు. టేపు ఊడదీస్తుంటే ఒక మూల చిరిగింది. "పర్లేదంకుల్, అక్కడ ఆకాశమే" అన్నాడు.

వచ్చే జనవరిలో మళ్ళీ మత్రా వెళ్తున్నాం. అట్ట, కాగితాలు, క్రేయాన్లు బడివే. టోపీ, నీళ్ళ సీసా మీరు పంపండి. తల్లిదండ్రులు కూడా రావచ్చు, కానీ దయచేసి పిల్లల బొమ్మల మీద చెయ్యి వెయ్యకండి. ఈసారి అంశం పేరు "నాకు కనిపించేది" అని మార్చాం. పోయినసారి బహుమతి రాని ఆ పాపను న్యాయనిర్ణేతల పక్కన కూర్చోబెట్టబోతున్నాం. వాళ్ళమ్మగారు ఒప్పుకున్నారు, పాప ఇంకా ఆలోచిస్తోంది.