బూజు గింజ మన గిన్నెలోకే ఎందుకొస్తది?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి పట్టాల గురించి కాదు, విత్తనాల డబ్బా గురించి రాస్తున్న. నవ్వకండి.

డిగ్రీల బాటనీ చదివిన. జొన్న కాటుక తెగులు బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న. అదే తెగులు కొత్తకోట దగ్గర మా చేన్లనే ఉందని మాత్రం నాకు తోచలేదు. కంకిలో గింజ ఉండాల్సిన చోట బూడిదరంగు తిత్తి, వేళ్లతో నలిపితే నల్లటి పొడి. నాయిన అన్ని కంకులూ ఒకే కల్లంలో కొట్టేవాడు. మోసం అక్కడే ఉంది. తిత్తులు పగిలి ఆ పొడి మంచి గింజలకు అంటుకుంటది, కంటికి ఆనదు. మరుసటేడు విత్తితే గింజతోపాటే మొలిచి, మొక్క లోపల్నే పెరిగి, కంకి వచ్చినంక బయటపడుతది. అప్పుడు ఏ మందు కొట్టినా పైసలు దండుగ.

కాబట్టి విత్తనం దగ్గరే ఆపాలె. కిలో జొన్నలకు 3 గ్రాముల థైరమ్ పొడి పట్టిస్తే చాలు. సజ్జలకు తేనెబంక తెగులు ఉంటది. 10 లీటర్ల నీళ్లల్ల కిలో ఉప్పు కలిపి గింజలు పోయండి, తాలుతోపాటు రోగపు ముక్కలు పైకి తేలుతయి. వాటిని తీసేసి, మునిగిన గింజలను మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడిగి నీడకు ఆరబెట్టండి. మందు పట్టించిన విత్తనం మిగిలితే గటకకు వద్దు, కోళ్లకూ వద్దు. ఆకలున్న ఇంట్ల ఈ మాట చెప్పుడు తేలికే, పాటించుడే కష్టం. అందుకే ఎంత విత్తుతరో అంతకే పట్టించండి.

ఇది దిగుబడి ముచ్చటే అయితే ఇంత రాయకపోదును. ఇంకో బూజు ఉంది. కోతప్పటి వానకు, గరిసెలో తేమకు పడుతది. 1974 చివర్ల రాజస్థాన్‌లోని బాంస్వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల్లో అకాల వానలకు మక్కలు బూజు పట్టినయి. ఆదివాసులకు వేరే తిండి లేదు, అవే తిన్నరు. 397 మందికి కామెర్లు, కడుపుల నీరు. 106 మంది చనిపోయిన్రు. అది అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం పని అని తేల్చింది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు. 1995ల మన దక్కన్ పల్లెల్లోనే వానకు తడిసి బూజు పట్టిన జొన్న, మక్క రొట్టెలు తిని జనం కడుపునొప్పి, విరేచనాలతో పడిపోయిన్రు.

షావుకారి బూజు గింజ కొనడు. కొనని గింజ ఎటు పోతది? కూలి కింద, అప్పు కింద, మన ఇంటికే.

పెద్దలు దాచుకున్న నాటు జొన్నలు వానలు వెళ్లినంక పండేవి. 1964ల వచ్చిన సీఎస్‌హెచ్-1 మొదలు తొందరగా పండే హైబ్రిడ్లు వానల్లనే కంకికొచ్చినయి, బూజు కూడా వాటెంటే వచ్చింది. హైబ్రిడ్ వద్దంటలేను. దాన్ని అమ్మినోళ్లు ఎండబెట్టే జాగా గురించి ఎందుకు మాట్లాడలేదని అడుగుతున్న.

మనం అడగాల్సినవి పెద్దవేం కావు. తండా తండాకు, పెంట పెంటకు టార్పాలిన్లు, ఎండబెట్టే కల్లం. పాలెం వ్యవసాయ పరిశోధన స్థానం శాస్త్రవేత్తలు కోతలైనంక కాదు, విత్తకముందు మన దగ్గరికి రావాలె. దరఖాస్తు రాయడం మనకు కొత్తా?

అప్పటిదాకా ఆగొద్దు. రోహిణి కార్తెలోపే ఒక బకెట్, కిలో ఉప్పు పెట్టుకొని నలుగురిని పిలవండి. సజ్జలు పోస్తే ఏం తేలిందో ఫొటో తీసి పంపండి.