చీటీలో జబ్బు పేరుంది, మనిషి స్థితి ఏదీ?

మా అన్నయ్య ఆస్పత్రి ఫైలు నా దగ్గరే ఉంటుంది. మొదటి చీటీ నుంచి మొన్నటి చీటీ దాకా పైన ఒకటే రాత: ‘ఎఫ్ 20.0’. పారనాయిడ్ స్కిజోఫ్రీనియా అన్నమాట. గది దాటి బయటికి రాని నెలలున్నాయి, కిరాణా కొట్లో ఖాతాలు పైసా తేడా రాకుండా రాసిన ఏళ్లూ ఉన్నాయి. చీటీకి మాత్రం రెండూ ఒకటే.

ఈ చిక్కు వర్గీకరణ పుట్టుకలోనే ఉంది. జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రేపెలిన్ రోగుల వివరాలు కార్డుల మీద రాసుకుని, ఏళ్లు గడిచాక ఎవరు ఏమయ్యారో చూశాడు. వచ్చి పోయే జబ్బును ఒక గూట్లో, పోనుపోను మనిషిని దిగజార్చేదాన్ని ఇంకో గూట్లో పెట్టాడు. 1899 నాటి ఆయన పాఠ్యపుస్తకంలో ఈ విభజన స్థిరపడింది. అంటే చివరికి ఏమవుతుందన్నదే జబ్బుకు గుర్తయింది! మరి కోలుకున్నవాడి సంగతేమిటి? స్విస్ వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ 1908లో ఆ రెండో గూటి జబ్బుకు స్కిజోఫ్రీనియా అనే పేరు తెచ్చాడు. అందరూ దిగజారిపోరనీ, ఇది ఒక్క జబ్బు కాదు, కొన్ని జబ్బుల గుంపనీ అన్నాడు. పేరు ఆయనది నిలిచింది, భయం క్రేపెలిన్‌ది మిగిలింది.

ఈ జబ్బును తేల్చే రక్తపరీక్ష, స్కానింగు ఇప్పటికీ లేవు. అమెరికా వాళ్ల మానసిక జబ్బుల వర్గీకరణ పుస్తకం డీఎస్ఎం ప్రకారం జబ్బు ఆనవాళ్లు ఆరు నెలలుండాలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీకి నెల చాలు. కాబట్టి జబ్బే ఉత్తదని వాదించేవాళ్లున్నారు. పక్కింటివాళ్లు తన ఆలోచనలు వినేస్తున్నారని అన్నయ్య కిటికీలకు పేపర్లు అంటించి తెల్లవార్లూ కూర్చోవడం చూసినవాణ్ణి, నాకా వాదన మింగుడుపడదు.

2022లో అమల్లోకి వచ్చిన ఐసీడీ కొత్త కూర్పు ఐసీడీ-11లో ఈ ‘పారనాయిడ్’ లాంటి ఉపరకాలే లేవు. వాటికి బదులు ఇది మొదటిసారా, మళ్లీ మళ్లీ వస్తోందా, ఎడతెగకుండా ఉందా, ఇప్పుడు లక్షణాలున్నాయా, కొంత తగ్గాయా, పూర్తిగా తగ్గాయా అన్నది నమోదు చేయొచ్చు. నాకు నచ్చిన మార్పు ఇదే. ఓపీ రద్దీ నాకు తెలియంది కాదు. అయినా ఒక్క లైను రాయడానికి ఎంతసేపు పడుతుంది? మందులు ఆపమని ఎవరూ అనడం లేదు. కొత్తగా వచ్చిన డ్యూటీ డాక్టరు ఫైలు తెరిచి ‘ఇది జీవితాంతం ఇంతేనండీ’ అనబోయేలోపు, ‘ప్రస్తుతం లక్షణాలు లేవు’ అన్న ఆ లైను ఆయన కంటబడాలి.