పెద్ద టీవీ తర్వాత, ముందు రికార్డు చేసే బాక్సు కొందాం

పోస్టు కొంచెం పెద్దగా ఉంటది, ఓపికతో చదవండి.

మేము కొడిమ్యాల మండలంలోని ఒక తండా నుంచి వచ్చి హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నోళ్లం. మొన్న సెలవులకు ఇంటికి పోతే తండాల ఒక ముచ్చట నడుస్తున్నది. కమ్యూనిటీ హాలు కోసమని అందరం జమ చేసిన 12,000 రూపాయలు ఉన్నయి. వాటితో పెద్ద స్మార్ట్ టీవీ తెద్దామని కొందరు అన్నరు. ఉన్న టీవీ మంచిగనే నడుస్తున్నది, దానికి రికార్డు చేసే సెట్ టాప్ బాక్సు, ఒక పెన్ డ్రైవ్ తెద్దాం, మిగిలిన పైసలు పిల్లల గైడ్లకు పెడదాం అని మేము అన్నం. నవ్విండ్రు. "యూట్యూబ్ ఉన్న కాలంల టీవీని రికార్డు చేసుడేందిరా?" అన్నరు. అప్పుడు సరిగ్గ చెప్పలేకపోయినం. ఇక్కడ చెప్తున్నం.

2020 సంగతి యాది చేసుకోండి. బడులు బందయినయి. సెప్టెంబర్ 1 నుంచి 3వ తరగతి మొదలు 10వ తరగతి దాకా దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలైనయి. మేము అప్పుడు హైస్కూల్ పిల్లలం. పాఠం టైముకు మాలో సగం మంది పత్తి చేన్ల కలుపు తీస్తున్నరు, సగం మంది మేకల ఎంబడి ఉన్నరు. ఇంట్ల ఉన్నోళ్లకన్నా చూద్దామంటే, ముగ్గురు పిల్లలవి మూడు తరగతులు, టీవీ ఒక్కటే. దాని మీద కరెంటు పోతది. కొండగట్టు కోతులు డిష్ మీద ఎక్కి ఊగితే బొమ్మ పోతది. సాయంత్రం యాడి ఇంటికొచ్చి "ఇయ్యాల ఏం చెప్పిండ్రు?" అని అడిగితే మా దగ్గర జవాబు ఉండకపోయేది. పాఠం వచ్చింది, పోయింది.

యూట్యూబ్‌లో ఉండదా అంటే, ఉంటది. టీ-శాట్‌కు యూట్యూబ్ ఛానలూ ఉంది, యాప్ కూడా ఉంది. సిగ్నల్, డేటా, ఎవరికి వాళ్లకు ఫోన్ ఉన్నోళ్లు అందులోనే చూసుకోవాలె, అదే సులువు. కానీ మా తండాల సిగ్నల్ కోసం చింతచెట్టు కాడికి పోవాలె. ఇంటికి ఒక్క ఫోన్, అది నాయిన జేబుల పనికి పోతది. పొద్దున పనికిపోయి చీకటి పడ్డంక వచ్చే పిల్లకు టైము తన చేతుల ఉండదు. పాఠాన్ని ఆమె టైముకు తెచ్చిపెట్టేది రికార్డింగే. మేము ఇంతగా పట్టుబట్టేది అందుకే.

ఇగ ఏం కొనాలె, ఎట్ల పెట్టాలె అన్నది చెప్తం. ఇది మేము ఒకసారి పైసలు పోగొట్టుకొని నేర్చుకున్నది.

నెలనెలా రీచార్జ్ చేసే డీటీహెచ్ బాక్సుల్లో రికార్డింగ్ ఉన్నా, చాలావాటిలో ఆ ఫైలుకు తాళం ఉంటది. ఆ బాక్సులో తప్ప వేరే దాంట్లో తెరుచుకోదు. మనకు కావాల్సింది పెన్ డ్రైవ్ తీసి పక్కింటి టీవీకి, హాస్టల్ ల్యాప్‌టాప్‌కు పెట్టుకునేటిది. దానికి ప్రసార భారతి వాళ్ల డీడీ ఫ్రీ డిష్ మంచిది. 2004 నుంచి నడుస్తున్నది, నెల కిరాయి లేదు, యాదగిరి ఛానల్ అందులో వస్తది. తరగతికొకటి చొప్పున పీఎం ఈ-విద్య ఛానళ్లు కూడా వస్తయి. మనకు పనికొచ్చే తెలుగు పాఠాలు ఏ ఛానళ్లలో, ఏ టైముకు వస్తున్నయో ముందు స్కాన్ చేసి చూసి, కాగితం మీద రాసుకోవాలె.

బాక్సు ఎంపీఈజీ-4 ది తీసుకోండి. పాత ఎంపీఈజీ-2 బాక్సులో కొన్ని ఛానళ్లు రావు. యూఎస్‌బీ రంధ్రం ఉన్నంత మాత్రాన రికార్డు అయితదనుకోవద్దు. మేము మోసపోయింది అక్కడనే. మొదట తెచ్చిన దాంట్లో యూఎస్‌బీ పాటలు వినడానికే పనికొచ్చింది. అందుకే మీ పెన్ డ్రైవ్ మీరే తీసుకపోండి. షాపులనే రికార్డు బటన్ నొక్కి, అయిదు నిమిషాలు రికార్డు చేయించి, మళ్లీ వేసి చూడండి. వీలైతే ఒక ల్యాప్‌టాప్‌లో కూడా పెట్టి చూడండి. రెండు చోట్లా నడిస్తేనే పైసలు ఇయ్యండి.

సంతల దొరికే చవుక పెన్ డ్రైవ్‌లు వద్దు. పైన 64 జీబీ అని ఉంటది, లోపల అంత ఉండదు. సెకనుకు 2 మెగాబిట్ల వేగంతో వచ్చే ఛానల్ గంటకు సుమారు 900 ఎంబీ తింటది. అసలైన 64 జీబీ ఉంటే 60 గంటలకు పైనే పడతది. హార్డ్ డిస్క్ పెడదామంటే, కొన్ని బాక్సుల యూఎస్‌బీ కరెంటు దానికి సరిపోదు. పెన్ డ్రైవే నయం.

డిష్‌ను మన దిక్కు నుంచి ఆగ్నేయం మూలకు తిప్పాలె. ఫ్రీ డిష్ ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పున ఉంది, మనం 79 దగ్గర ఉన్నం. ముందర చెట్టు కొమ్మ అడ్డం ఉండొద్దు. బోల్టులు గట్టిగ బిగించాలె, కోతుల సంగతి తెలిసిందే. డిష్ నుంచి వచ్చే కేబుల్ బాక్సుకు, బాక్సు నుంచి టీవీకి హెచ్‌డీఎంఐ. పాత డబ్బా టీవీ అయితే పసుపు, ఎరుపు, తెలుపు వైర్లు: పసుపు బొమ్మకు, మిగతా రెండు శబ్దానికి.

టైమర్ పెడితే బాక్సు తనంతట తాను రికార్డు చేస్తది. టీవీ బందు ఉన్నా ఫరవాలేదు, కానీ బాక్సు స్విచ్ గోడ దగ్గర ఆపొద్దు. కరెంటు పోతే రికార్డు ఆగిపోతది, కాబట్టి వచ్చినంక చూసుకోవాలె.

ఇంకొక ఇబ్బంది కూడా దాచకుండా చెప్తం. ఇసొంటి బాక్సుల్లో ట్యూనర్ ఒక్కటే ఉంటది. పాఠం రికార్డు అయితున్నప్పుడు వేరే ఛానల్ పెట్టుడు కుదరదు. అంటే ఆ గంట సీరియల్ బందు, మ్యాచ్ బందు. తండాల అసలు లొల్లి ఇక్కడనే. బాక్సు కొనుడు సులువు, రోజుకు ఒక్క గంట రిమోట్ పిల్లల కోసం పక్కన పెట్టుడే కష్టం. అది పెద్దలు అందరి ముందర కూర్చొని ఒప్పుకోవాలె.

పాఠాల తోటే అయిపోలేదు. మన గోర్ భాష పాటో, తీజ్ పండుగ ఆటో, మేడారం జాతరో టీవీలో ఎప్పుడో ఒకసారి వస్తది. పనిలో ఉండి చూడకపోతే మళ్లీ ఎప్పుడో తెల్వది. దాన్ని కూడా దాచుకుందాం, మన అవ్వలకు చూపెడదాం. ఒక్క మాట: మనం చదువుకోడానికి, చూసుకోడానికి దాచుకునుడు వేరు. దాన్ని అమ్ముడు, మన పేరుతో నెట్టుల ఎక్కించుడు వేరు. ఆ రెండో పని చేయొద్దు.

మేము మా ఇండ్లల్ల మొదటిసారి కాలేజీ మెట్లు ఎక్కినోళ్లం. మాకు పోయిన పాఠాలు పోయినయి, వాటిని ఎట్లనో కష్టపడి అందుకున్నం. ఇప్పుడు ఆరు, ఏడు చదివే మా చెల్లెళ్లు కూడా గట్లనే పోగొట్టుకోవాల్నా? మాకు షాపుల చెప్పిన లెక్కన బాక్సు, పెన్ డ్రైవ్ కలిపి 2,500 దాటవు. మిగిలిన 9,500 తండా చేతిలనే ఉంటయి. టీవీ నిజంగ ఖరాబైన రోజు పెద్ద టీవీ గురించి మాట్లాడుకుందాం.

వచ్చే ఆదివారం తండాల మళ్లీ కూర్చుంటున్నం. మీ తండాలో, గూడెంలో ఎవరన్నా ఇట్ల పెట్టి ఉంటే ఎట్ల నడుస్తున్నదో కింద రాయండి, అక్కడ చదివి వినిపిస్తం. చుట్టుపక్కల ఊర్లోళ్లు పెట్టుకుంటమంటే చెప్పండి. సెలవు రోజు వచ్చి డిష్ తిప్పి, వైర్లు కలిపి, టైమర్ పెట్టుడు మీ పిల్లలకే నేర్పి పోతం. పైసలు వద్దు, ఇంత జొన్నరొట్టె పెడితే చాలు.