వార్డు వదిలి రికార్డు రూముకెళ్తే దిగిపోయినట్టా?



మన గూడెం నుంచి జీఎన్ఎమ్ చదివి, ఉద్దానం వైపు ఒక ఆసుపత్రిలో 11 ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసిన అక్క ఒకావిడ పోయినేడాది మెడికల్ రికార్డుల విభాగానికి మారింది. నైట్ డ్యూటీలతో, రోగుల్ని ఎత్తి దించడంతో నడుము పాడైంది. సంక్రాంతికి ఊరొస్తే మనోళ్లు వదల్లేదు. "ఏటమ్మా, సూదేసే సెయ్యి ఇప్పుడు కాయితాలు సర్దతందా? గుమస్తావైపోనావా?" అన్నారు. అక్క నవ్వి ఊరుకుంది. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. అందుకే ఈ పోస్టు.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా పెదనాన్నది మందస కొండవార ఊరు. జీడి తోటల్లో పని. రెండేళ్లుగా కిడ్నీ పరీక్షలు చేయిస్తున్నాం. క్రియాటినిన్ 1.4 దగ్గర ఉండేది. ఒకసారి ఫైల్లో 5.8 అని రిపోర్టు వచ్చింది. ఇక డయాలసిస్ తప్పదేమో అన్నారు. పెద్దమ్మ అన్నం మానేసింది. ఉన్న జీడి చెట్లు తాకట్టు పెట్టడానికి మాట కూడా అయిపోయింది.

ఫైలు కాపీ కోసం వెళ్తే రికార్డు రూములో అక్కే ఉంది. కాగితం చూసి, పెదనాన్న కాళ్లు చూసింది. వాపు లేదు, ఆయాసం లేదు, మనిషి మెట్లెక్కి వచ్చాడు. నెలలో ఇంత పెరిగిందా అని అనుమానపడి రిజిస్టరు తీయించింది. అదే పేరు, అదే వయసు, ఊరు మాత్రం వేరు. రిపోర్టు ఇంకొకరిది! డాక్టరుగారికి చెప్పి మళ్లీ పరీక్ష చేయిస్తే 1.5 వచ్చింది. మేం ఊపిరి పీల్చుకున్నాం. కానీ ఆ 5.8 ఉన్న మనిషి ఎక్కడున్నాడు? తనకి బాగానే ఉందనుకుని తిరుగుతున్నాడా? అక్క ఆ సాయంత్రమే నంబరు వెతికి ఆయన్ని పిలిపించింది.

ఇప్పుడు చెప్పండి, అది గుమస్తా పనా? గుమస్తా అయితే కాగితం జిరాక్స్ తీసి ఇచ్చేవాడు. ఆ అంకె ఈ మనిషికి సరిపోలడం లేదని పట్టుకున్నది నర్సు కన్ను.

మన విషయంలో ఈ గొడవ ఇంకా ఎక్కువ. సవర గూడేల్లో ఇంటి పేరే 'సవర'. ఒక ఊళ్లోనే సవర లక్ష్మిలు నలుగురుంటారు. పుట్టిన తేదీ తెలియని పెద్దోళ్లకి ఆధార్‌లో జనవరి 1 పడిపోతుంది. పేరూ కలిసి, తేదీ కూడా కలిసిపోతే కంప్యూటరేం చేస్తుంది? "నాన్న పేరేటి, ఏ గూడెం, పెనిమిటి పేరేటి" అని మన మాటలో అడిగే మనిషి అక్కడ ఉండాలి. చిన్న తప్పు పడితే నెలకు 10,000 రూపాయల డయాలసిస్ పింఛను కోసం కూడా ఆఫీసుల చుట్టూ తిరగాలి.

ఇంకో సంగతి. ఉద్దానంలో షుగరు లేనోళ్లకి, బీపీ లేనోళ్లకి కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. నీళ్లంటారు, ఎండలో పనంటారు, పురుగుమందులంటారు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. మంచిదే. కానీ పరిశోధనకి ముడిసరుకు రికార్డే కదా! మూడు నెలలు దాటి చెడు ఉంటేనే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. అంటే పాత కాగితం లేకపోతే జబ్బు పేరే చెప్పలేం. ఐసీడీ-10 పద్ధతిలో ఈ జబ్బు కోడు ఎన్18. దశని బట్టి ఎన్18.1 నుంచి ఎన్18.5 దాకా ఉంటుంది. దశ రాయకపోతే ఎన్18.9లో పడేస్తారు. వృత్తి, ఊరు, తాగే నీళ్లు ఖాళీగా వదిలేస్తే మన బాధ లెక్కలోకే రాదు. లెక్కలోకి రానిదానికి మందూ రాదు, డబ్బూ రాదు.

నర్సులందరూ దణ్ణం పెట్టే ఫ్లోరెన్స్ నైటింగేల్ చేసిందేమిటి? క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాల కన్నా జబ్బులతోనే ఎక్కువగా చచ్చిపోతున్నారని లెక్కలు రాసి చూపించింది. 1858లో లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో చేరిన మొదటి మహిళ ఆవిడే. దీపం పట్టుకున్న బొమ్మే మనకి చూపించారు, పుస్తకం పట్టుకున్న బొమ్మ చూపించలేదు.

"వార్డుల్లోనే నర్సులు చాలట్లేదు, ఉన్నోళ్లు కూడా వెళ్లిపోతే ఎలా?" అని ఒక తమ్ముడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. వార్డుకి కొత్త నర్సుల్ని వెయ్యాలి, నడుము పోయినామెని పడిపోయేదాకా నిలబెట్టడం పరిష్కారం కాదు. అక్క కూడా "పేషెంటు చెయ్యి పట్టుకోడం పోయింది రా, అదే వెలితి" అంటుంది. ఆ వెలితి నిజం. కానీ 11 ఏళ్ల అనుభవం ఇంట్లో కూర్చోవడం కన్నా ఫైలు మీద పనిచెయ్యడం మేలు కాదా?

నర్సింగ్ చదువుతున్న చెల్లెళ్లూ, ఈ దారి కూడా ఉందని గుర్తుంచుకోండి. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టం ఆరోగ్య సమాచార నిర్వహణని ఒక వృత్తిగా గుర్తించింది. కోడింగ్, కంప్యూటర్ నేర్చుకోండి. ఒకరి జబ్బు సంగతి ఊళ్లో చెప్పకూడదన్న నీతి మీకు ముందే ఉంది.

మిగతా వాళ్లం మన వంతు చేద్దాం. ప్రతి ఇంట్లో ఒక సంచీలో రిపోర్టులన్నీ తేదీల వారీగా పెట్టండి. రిపోర్టు చేతికి రాగానే పేరే కాదు, నాన్న పేరు, ఊరు కూడా చూడండి. ఆసుపత్రిలో ఉన్నప్పటి రికార్డు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. భయపడకుండా అడగండి. పలాస, టెక్కలి ఆసుపత్రుల రికార్డు విభాగాల్లో సవర భాష తెలిసినవాళ్లు ఉండాలని మన సంఘం తరఫున అర్జీ పెడదాం. ఎవరెవరు వస్తారో చెప్పండి.

ఈసారి అక్క ఊరొస్తే మాత్రం గుమస్తా అనకండి. మా పెదనాన్న జీడి చెట్లు ఇంకా మా పేరునే ఉన్నాయి.