కింద కొట్టు, పైన కాపురం

మన పూర్వులు తర్కశాస్త్రం నేర్పేటప్పుడు పొగనే ఉదాహరణగా పట్టుకున్నారు. కొండమీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు వున్నదని ఊహించుకోవాలి. బాగానే వుంది గాని, అందులో ఒక చిక్కు వుంది: చూసేవాడు మేలుకొని వుండాలి! నిద్రలో కన్ను ఎలాగూ మూతబడుతుంది. ముక్కు మాత్రం పనిచేస్తుందనీ, పొగవాసనకు మెలకువ వస్తుందనీ అనుకోవడం వట్టి భ్రమ. కాస్త నమ్మదగినది చెవి ఒక్కటే. అందుకే నిద్రపోయేవాడి తరఫున పొగను పసిగట్టి కేకపెట్టే యంత్రాన్ని తయారుచేశారు. దాన్నే స్మోక్ అలారం అంటారు.

మా జహీరాబాదు బజారులో చాలా ఇళ్ళది ఒకే తీరు. కింద కిరాణా కొట్టో, బట్టల దుకాణమో; పైన సంసారం. రాత్రి కొట్టాయన షట్టరు దించి తాళం వేసుకొని పోతాడు. పైవాళ్ళు పడుకుంటారు. కింద ఏదైనా రాజుకుంటే పైవాళ్ళకు తెలిసేదెప్పుడు? పొగ మెట్లెక్కి వచ్చినప్పుడు! దిగవలసిన దారీ ఆ మెట్లే అయ్యె.

ఇది నా ఊహాగానం కాదు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో కింద విద్యుత్ స్కూటర్ల దుకాణంలో మంటలు లేస్తే, పైన లాడ్జిలో దిగినవారు 8 మంది పోయారు. 2023 నవంబరు 13న హైదరాబాదు బజార్‌ఘాట్‌లో కింద నిలవచేసిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని, పై అంతస్తుల్లో వున్న 9 మంది పోయారు. 2025 మే 18 ఉదయం చార్మినారు దగ్గర గుల్జార్‌హౌజ్‌లో, కింద దుకాణాలూ పైన కాపురమూ వున్న ఇంట్లో 17 మంది పోయారు. వారిలో 8 మంది పిల్లలు. ఇలాంటిచోట్ల మంటకన్న ముందు మనిషిని చేరేది పొగ.

"పైన మా ఇంట్లో ఒకటి తగిలించుకుంటే చాలదా?" అంటారు కొందరు ఇల్లాళ్ళు. చాలదమ్మా. పొగ మీ గది దాకా వచ్చిన తర్వాతే అది అరుస్తుంది. పోనీ కొట్టులో పెడితే? మూసిన షట్టరు వెనక అరిస్తే వినేదెవరు? కొట్టులో ఒకటి, మెట్లమీద ఒకటి, పైన ఒకటి పెట్టి, ఒకటి అరిస్తే అన్నీ అరిచేటట్టు కలపాలి. అందుకే కరెంటుతో నడిచే అలారాలకు ఫేజు, న్యూట్రలు గాక వాటిని కలిపే మూడో తీగ కూడా వుంటుంది. కరెంటు పోయినా నడవడానికి లోపల బ్యాటరీ వుంటుంది.

ఇక్కడే అసలు పేచీ. "ఎవరి మీటరు మీద పెడతం అక్కా?" అంటాడు కొట్టాయన. "నీ కొట్టు కోసమే గద అన్నా, నీ మీటరు మీదనే పెట్టు" అంటుంది పైఇంటావిడ. ఒక్కొక్కదానికి ఒక వాటు చొప్పున లెక్కగట్టినా ఒక్కొక్కటి నెలకు ముక్కాలు యూనిట్టు దాటదు. అసలు సంగతి డబ్బు కాదు. కొట్టాయన పోతూ పోతూ మెయిను ఆర్పేస్తే అలారానికి బ్యాటరీ తప్ప దిక్కుండదు. సగం అలారాలు ఒక మీటరుకూ సగం ఇంకో మీటరుకూ ఇచ్చి మూడో తీగతో కలిపితే మరో ప్రమాదం: ఒకరు మెయిను ఆర్పి రిపేరు చేస్తుంటే, రెండోవారి కరెంటు ఆ తీగల్లో వుండవచ్చు.

కాబట్టి మెట్లదీపానికీ నీళ్ళమోటారుకూ ఉమ్మడి మీటరు వుంటే, అన్నిటికీ దానినుంచే ఒక్క లైను లాగించండి. అది లేకపోతే, తీగతో పని లేకుండా రేడియో తరంగాలతో కలిసే రకం తెప్పించి, ఎవరిది వారి మీటరుకు ఇవ్వండి. కొట్టులో దానికి వేరే ఎంసీబీ పెట్టించి, మెయిను ఆర్పకుండా మిగతావి ఆర్పుకొమ్మనండి. పని మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియనుచేతే చేయించండి.

ఇంకొక మాట. మిరపకాయబజ్జీలు వేసేచోట, సాంబ్రాణి వేసే పూజగూటి పక్కన పొగ అలారం పెడితే రోజూ అరుస్తుంది. మూడోనాడు విసుగెత్తి పీకేస్తారు. వంటచోట వేడికి మోగే రకం పెట్టాలి. పూజగూటికి ఎడంగా పెట్టాలి. వారానికోసారి మీట నొక్కి చూడాలి. పదేళ్ళయితే మార్చాలి.

ఎత్తయిన భవంతులకు అగ్నిమాపకశాఖ అనుమతులూ తనిఖీలూ వుంటాయి. మన బజారు మేడలు ఆ లెక్కకు రావు. ఇక్కడ అడిగేవారు మనమే. ఈ నెల అద్దె అందుకునేటప్పుడు ఈ మాట ఎత్తండి. మెట్లకింద బస్తాలున్నాయేమో అదీ చూడండి. మీటర్లు రెండయినా మెట్లు ఒక్కటే గదా!